ఐదో వరుసలో రెండు సీట్లు

గోడగడియారం పది కొట్టింది. బల్ల మీదున్న ఫోను మాత్రం నోరు మెదపలేదు.

డిటెక్టివ్ ఆ ఫోను వంకే చూస్తూ కూర్చుంది. అది ఆమె ఫోను కాదు, ఎదురు కుర్చీలో జేబురుమాలు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్న పెద్దావిడది. ఆ పెద్దావిడ తమ్ముడు ఇంటికి రాక తొమ్మిది రోజులైంది.

"ఇంకాసేపు చూద్దామా అమ్మా?" అంది పెద్దావిడ.

"చూద్దాం పెద్దమ్మా," అంది డిటెక్టివ్. చూసి లాభం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ చూశారు.

పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో స్టేషనంతా డిటెక్టివ్‌ని 'గడియారం మేడం' అని పిలిచేది. ఎవరేం చెప్పినా ముందు "ఎన్నింటికి?" అని అడగడం ఆమె అలవాటు. ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు పట్టుకున్నాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు. తమాషా ఏమిటంటే, ఇంటికి ఎన్నింటికి వచ్చావని ఆమెను అడిగే మనుషులే లేరు. పొద్దున బయల్దేరేటప్పుడు రేడియో పెట్టి వస్తుంది, తిరిగి వెళ్ళి తలుపు తీసేసరికి లోపల ఏదో ఒక గొంతు వినబడాలని. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాత్రం ఎవరున్నారు?

తప్పిపోయినాయన్ని అందరూ మైళ్ళ మాస్టారు అంటారు. ఒకప్పుడు లెక్కలు చెప్పేవాడు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక విమానం మైళ్ళ మీద పడ్డాడు. విమానం ఎక్కినా, కార్డు గీకినా కంపెనీలు జనం ఖాతాల్లో మైళ్ళు వేస్తుంటాయి. వాటితో టికెట్లు కొనుక్కోవచ్చని అందరికీ తెలుసు, ఎలా కొంటే గిట్టుబాటో తెలిసినవాళ్ళు అరుదు. పద్నాలుగు గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోవలసినవాళ్ళను, ఉన్న మైళ్ళతోనే బిజినెస్ క్లాసులో మంచంలా పరుచుకునే సీట్లో పడుకోబెట్టి పంపడం మాస్టారి విద్య. ఏ కంపెనీ మైళ్ళతో ఏ కంపెనీ విమానం ఎక్కాలో, ఖాళీ సీట్లు ఎప్పుడు బయటపెడతారో ఆయనకు కొట్టినపిండి. జనం తమ ఖాతాల పాస్‌వర్డులు ఆయన చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్ళు.

అంతమందిని హాయిగా పడుకోబెట్టి పంపిన మనిషి తాను మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు.

ఎక్కాలని లేక కాదు. రిటైరయ్యాక భార్యతో కలిసి ప్రపంచానికి అవతలి కొసకు వెళ్ళాలని ఎన్నేళ్ళో మైళ్ళు కూడబెట్టాడు. తీరా మైళ్ళు నిండిన ఏడాది భార్య పోయింది. ఆమె పోయిన సంగతి విమానాల కంపెనీకి ఆయన చెప్పనేలేదు. చెబితే ఖాతా మూసేస్తారు. వాడకుండా వదిలేసినా మైళ్ళు మురిగిపోతాయని, ఆరేళ్ళుగా ఆమె మైళ్ళతో ఒకప్పుడు పెన్ను, ఒకప్పుడు సంచి కొంటూ ఆ ఖాతాను కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాడు. ఏటా పెళ్ళిరోజున బయల్దేరే విమానంలో ఇద్దరి పేర్లా టికెట్లు తీసేవాడు. ఎప్పుడూ ఐదో వరుసే, మధ్యలో ఆనుకుని ఉండే రెండు సీట్లే, ఆయనకు 5డి, ఆవిడకు 5జి (ఆ విమానంలో మధ్య అక్షరాల సీట్లు ఉండవు). బయల్దేరే ముందురోజు రెండూ రద్దు చేసేవాడు. ఒక రోజు ముందుగా రద్దు చేస్తే మైళ్ళన్నీ వెనక్కి వచ్చేస్తాయి. ఆ గడువు దాటితే హుళక్కే.

"పిచ్చి పని ఎందుకురా అని ఒకసారి అడిగానమ్మా," అంది పెద్దావిడ. "టికెట్టు ఉన్నన్నాళ్ళూ ఇద్దరం బయల్దేరబోతున్నట్టే ఉంటుంది అక్కా అన్నాడు. మళ్ళీ నేను అడగలేదు."

విమానాల కంపెనీ మెయిళ్ళు పెద్దావిడ ఫోనుకే ఎందుకు వస్తాయో కూడా డిటెక్టివ్ అడిగి తెలుసుకుంది. మరదలికి సొంత మెయిల్ ఉండేది కాదు. ఖాతా తెరిచిన రోజున ఆడపడుచు మెయిలే ఇచ్చింది, మాస్టారు దాన్ని మార్చలేదు. పోయిన మనిషికి ఏటా పుట్టినరోజు శుభాకాంక్షలు పెద్దావిడ ఫోనుకు వస్తుంటాయి. ప్రతిసారీ చదివి, తుడిచేయలేక అలాగే ఉంచేస్తుంది.

ఈ ఏడాది టికెట్టు రేపు పొద్దున పదింటి విమానానికి. అంటే రద్దు చేసుకునే గడువు ఇప్పుడే, వాళ్ళిద్దరూ చూస్తుండగానే, దాటిపోయింది. ఆరేళ్ళలో ఎన్నడూ దాటనిది.

ఫోను మోగింది. మోగింది డిటెక్టివ్‌ది. అవతల ఇన్స్పెక్టరు. ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు ఆమె కనబడితే చాలు నాలుక దురద పెడుతుంది. మాస్టారు ఒక ఎగుమతి వ్యాపారి ఖాతాలోంచి ఇరవై లక్షల మైళ్ళు కాజేసి, వాటిని అమ్ముకుని, ఎవరో ఆడమనిషిని చనిపోయిన భార్య పాస్‌పోర్టు మీద వెంటబెట్టుకుని రేపు ఉడాయిస్తున్నాడని అతని లెక్క. ఆ పాస్‌పోర్టు గడువు ఇంకా తీరలేదట. విమానమూ పేర్లూ కంపెనీ చెప్పిందనీ, సీట్ల లాంటి చిల్లర వివరాలు తనకు అక్కర్లేదనీ, గేటు దగ్గర మనుషుల్ని పెట్టేశాననీ చెప్పాడు. తాను ఇప్పుడు ఆ వ్యాపారి ఇంటికే వెళుతున్నాననీ, సరదా ఉంటే రమ్మనీ అన్నాడు.

డిటెక్టివ్ వెంటనే బయల్దేరలేదు. ముందు వాళ్ళు కూర్చున్న మాస్టారి గదిని ఇంకోసారి చూసింది.

ఒక గోడ పొడుగునా బీరువా. దాన్నిండా చిన్నచిన్న సంచులు, బిజినెస్ క్లాసు ప్రయాణికులకు విమానంలో ఇచ్చేవి. మేజోళ్ళు, కళ్ళగంతలు, పేస్టు, దువ్వెన. తిరిగొచ్చిన ప్రతివాళ్ళూ మాస్టారికి ఒకటి తెచ్చి ఇచ్చేవాళ్ళట. ఒక్కటీ విప్పలేదు. తాను ఎక్కని విమానాల గుర్తులన్నీ వరసగా, దుమ్ము దులిపి పెట్టుకున్నాడు. ఆ గది ఒంటరితనం తన గది ఒంటరితనం లాంటిదే, కాకపోతే మాస్టారిది కాస్త పొందికగా ఉంది.

అప్పుడు కిటికీ దగ్గర కళ్ళజోడు కనబడింది.

"మాస్టారికి ఎన్ని జోళ్ళు పెద్దమ్మా?"

రెండని చెప్పింది పెద్దావిడ. వీధిలోకి వెళ్ళడానికి దూరపు చూపుది, కంప్యూటరు ముందు కూర్చోడానికి దగ్గరి చూపుది. కిటికీ దగ్గరున్నది దూరపు చూపుది. దగ్గరిది ఇంట్లో ఎక్కడా లేదు. కంప్యూటరు ఉంది గానీ దాని మౌసు లేదు. మాస్టారికి సొంత మౌసు తప్ప ఇంకోటి చేతికి ఎక్కదనీ, ఎవరింటికి పనికి వెళ్ళినా అది సంచిలో వేసుకుని వెళతాడనీ పెద్దావిడ అంది. ఇద్దరి పాస్‌పోర్టులూ రబ్బరు బ్యాండు వేసి ఎప్పుడూ ఆ సంచిలోనే ఉంటాయట.

దూరదేశం పారిపోయేవాడు దూరం చూసే జోడు వదిలి, మౌసు పట్టుకుపోతాడా? మాస్టారు పారిపోలేదు. ఎవరింటికో పనికి వెళ్ళాడు, ఆ ఇంట్లోంచి తిరిగి రాలేదు. రేపు విమానం వెళ్ళిపోయిందంటే ఎక్కని దొంగ ఎటో జారుకున్నాడని పోలీసులు కాగితం మడిచేస్తారు. ఆ తరవాత మాస్టారిని ప్రాణాలతో ఉంచుకోవలసిన అవసరం ఎవరికీ ఉండదు. డిటెక్టివ్ ఈ ముక్క పెద్దావిడతో అనలేదు. ఏ చిన్న మెయిల్ వచ్చినా ఫోన్ చెయ్యమని మాత్రం రెండుసార్లు చెప్పి బయటపడింది.

*

ఎగుమతి వ్యాపారి ఉండేది పెద్ద అపార్టుమెంటులో. అంతస్తు అంకె, పక్కన గుమ్మం అక్షరం. ఎనిమిదో అంతస్తులో లిఫ్టు దిగగానే మొదటి తలుపు మీద ఇత్తడి పలక తళతళలాడుతోంది, 8ఏ అని. ఆమె చేరేసరికి పదకొండు. ఇన్స్పెక్టరు అప్పటికే సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కాఫీ తాగుతున్నాడు.

వ్యాపారి మెత్తని మనిషి. మెత్తని చెప్పులు, మెత్తని గొంతు. లోపలి గదిలో అమ్మ పడుకుని ఉందనీ, ఒంట్లో బాగోలేదనీ, కాస్త నెమ్మదిగా మాట్లాడుకుందామనీ ముందే చెప్పాడు. ఆ గది తలుపు వేసి ఉంది. లోపల ఏసీ తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

మాస్టారు ఆఖరుసారి ఎప్పుడు కలిశాడని డిటెక్టివ్ అడిగింది. పది పన్నెండు రోజుల కిందట ఆఫీసులో అన్నాడు వ్యాపారి. ఎన్నింటికి అంటే సాయంత్రం అన్నాడు. సాయంత్రం ఎన్నింటికి అంటే నవ్వి, మీ గురించి ఇన్స్పెక్టరు గారు చెప్పారు లెండి అన్నాడు. మైళ్ళు పోయిన సంగతి ఎప్పుడు చూసుకున్నారు, ఫిర్యాదు మూడు రోజులు ఆగి ఎందుకిచ్చారు అని ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. పెద్దమనిషి కదా, ఫోను ఎత్తుతాడేమోనని ఎదురుచూశానన్నాడు. ఎక్కడా నీళ్ళు నమల్లేదు.

"మధ్యలో జంట సీట్లు వేసుకుని ఆయన దర్జాగా పోతాడు," అన్నాడు వ్యాపారి నిట్టూరుస్తూ. "ఇరవై లక్షల మైళ్ళకు నేను నీళ్ళొదులుకోవాలి."

ఇన్స్పెక్టరు కప్పు కింద పెట్టాడు. "రేపు పదింటికల్లా నా చేతిలో ఉంటాడు. మీరూ రండి మేడం, ఎన్నింటికి పట్టుకున్నానో రాసుకుందురుగాని."

"రాడు," అంది డిటెక్టివ్. "ఆయన ఆ టికెట్టు ఎక్కడానికి కొనలేదు. రద్దు చేసుకోడానికి కొన్నాడు."

"రద్దు చేసుకోడానికి టికెట్టు కొనేవాళ్ళు ఉంటారా ఎక్కడైనా?"

ఆమె చెప్పుకొచ్చింది, పెళ్ళిరోజు సంగతి, ఆరేళ్ళ సంగతి, గడువు సంగతి. ఇన్స్పెక్టరు వింటూనే గోళ్ళు చూసుకున్నాడు. చివరికి తల ఎత్తి, ఎంతో జాలిగా అన్నాడు.

"ఒకటి చెప్పనా మేడం? ఇంటికెళ్ళినా పలకరించే దిక్కు లేకపోతే ఎవరికైనా ఇలాంటి కథలే తోస్తాయి. మీకు ఆ ముసలాయన మీద జాలి కాదు. మీ మీద మీకే జాలి."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. అందులో ఎంతో కొంత నిజం ఉండబట్టే అంత గట్టిగా తగిలింది. వయసుకు తగ్గ నిదానం ఆమెకు లేకపోలేదు, కానీ ఆ క్షణంలో అది అక్కరకు రాలేదు. లోపల పడుకున్న తల్లినీ, నెమ్మదిగా మాట్లాడమన్న మర్యాదనూ మరచిపోయి గొంతు పెంచేసింది.

"ఆ మనిషి ఆరేళ్ళలో ఒక్కసారి గడువు దాటనివ్వలేదు. ఇవాళ రద్దు చేయలేదంటే చేయనివ్వలేదన్నమాట. ఎవరో కూర్చోబెట్టి, జనం ఖాతాల్లోంచి టికెట్లు తీయించి అమ్ముకుంటున్నారు. తీయించాలంటే కంప్యూటరు ముందు కూర్చోబెట్టక తప్పదు కదా? చెయ్యి మౌసు మీద ఉన్నంతసేపూ ఆయన మూగవాడు కాదు. ఆ టికెట్టుతోనే మాట్లాడతాడు. వినడానికి నేనున్నాను."

మూసి ఉన్న తలుపు అవతల ఏసీ తిరుగుతూనే ఉంది. వ్యాపారి నెమ్మదిగా లేచి, మంచినీళ్ళు కావాలా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆమె అక్కర్లేదని బయటికి వచ్చేసింది. వెనకే ఇన్స్పెక్టరు కూడా వచ్చాడు. లిఫ్టులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కిందికి దిగారు. అతను జీపెక్కి విమానాశ్రయానికి వెళ్ళిపోయాడు. అప్పుడు టైము పదకొండున్నర.

*

అపార్టుమెంటు కింద చిన్న కాఫీ దుకాణం ఉంది. డిటెక్టివ్ ఇద్దరు పట్టే బల్ల దగ్గర కూర్చుంది. కాఫీ ఇచ్చే అమ్మాయి వచ్చి, ఇంకెవరైనా వస్తున్నారా అని అడిగి, లేరనగానే ఎదుటి కుర్చీని పక్క బల్ల దగ్గరికి లాక్కుపోయింది. అందులో తప్పేమీ లేదు. అయినా కుర్చీ పోయిన ఆ జాగాను డిటెక్టివ్ కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఇన్స్పెక్టరు అన్నది నిజమే కావచ్చు. రద్దు చేసుకోడానికి ఏటా టికెట్టు కొనే మనిషి కథ ఇంకొకరికైతే పిచ్చిగా తోచేది. తనకు మాత్రం మొదటిసారి విన్నప్పుడే అర్థమైంది. రేడియో పెట్టి వచ్చే మనిషికి అర్థం కాక ఎవరికవుతుంది?

ఫోను మోగింది.

"ఏదో వచ్చిందమ్మా," అంది పెద్దావిడ గాభరాగా. "రద్దు చేసినట్టు కాదు. సీటు మార్చినట్టుంది."

"ఎవరి సీటు?"

"మా మరదలిది. వాడిది ఐదో వరుసలోనే ఉంది. దాన్ని మాత్రం తీసుకెళ్ళి ఎనిమిది ఏలో వేశాడు."

"ఎన్నింటికి వచ్చింది పెద్దమ్మా?"

"ఇప్పుడే. పదకొండూ నలభై అని ఉంది." పెద్దావిడ మెయిల్ ఇంకోసారి చదువుకుంది. "ఎనిమిది ఏ అంటే కిటికీ పక్కన ఒంటి సీటట కదమ్మా. దాన్ని ఒక్కదాన్నే అంత దూరాన ఎందుకు కూర్చోబెట్టాడు? బతికుండగా కూడా పక్కన లేకపోతే తోచేది కాదు వాడికి."

ఎనిమిదో అంతస్తు, మొదటి తలుపు, తళతళలాడే ఇత్తడి పలక డిటెక్టివ్ కళ్ళ ముందు నిలబడ్డాయి. భార్యను పక్కనుంచి కదపని మనిషి కదిపాడంటే, కదిపింది ప్రయాణం కోసం కాదు. తానున్న గుమ్మం చెప్పడానికి. సీటు మారిన మెయిల్ తన అక్కకు వెళుతుందని ఆ ఇంట్లో ఆయనకు ఒక్కడికే తెలుసు. వెనక నిలబడి చూసేవాడికి అది రోజూ చేయించే పనిలో ఇంకో నొక్కుడు, అంతే.

అప్పుడు ఇంకో మాట గుర్తొచ్చింది. మధ్యలో జంట సీట్లు అన్నాడు వ్యాపారి. సీట్ల సంగతి ఇన్స్పెక్టరుకే తెలియదు, అక్కర్లేదని పొద్దున తనతో చెప్పాడు. మరి వ్యాపారికి ఎవరు చెప్పారు? మాస్టారి భుజం మీదుగా ఆ తెర చూసిన కళ్ళకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? ఇంతసేపు అది చెవిన పడినా బుర్రకెక్కలేదు. ఇన్స్పెక్టరు మీది కోపం అంతగా కళ్ళు కప్పేసింది.

ఆ గదిలో తల్లీ లేదు, గిల్లీ లేదు. తలుపు అవతల మాస్టారు కూర్చుని ఉన్నాడు. తాను గొంతు చించుకుని అన్న ప్రతి ముక్కా ఆయన విన్నాడు. వినడానికి నేనున్నాను అన్న మాట విన్నాడు. తొమ్మిది రోజుల తరవాత తన కోసం ఒక మనిషి ఉందని తెలిసి, పది నిమిషాల్లో జవాబు పంపాడు. డిటెక్టివ్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆమె మాటకు ఎవరైనా ఇంత తొందరగా బదులిచ్చి ఎన్నాళ్ళయిందో.

ఆ సంతోషం కాఫీ చల్లారినంతసేపు కూడా నిలవలేదు. ఆ మాటలు విన్నది మాస్టారొక్కడే కాదు. మంచినీళ్ళు కావాలా అని అడిగినవాడూ విన్నాడు. టికెట్టుతో మాట్లాడతాడని దొంగ ముందే నిలబడి చెప్పి వచ్చింది తాను.

ఇన్స్పెక్టరుకు ఫోన్ చేసింది. అతను విమానాశ్రయం దారిలో ఉన్నాడు. 8ఏ, సీటు, జంట సీట్ల మాట, అన్నీ గబగబా చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు.

"ఫిర్యాదు ఇచ్చినాయన ఇంటిని సీటు నంబరు చూసి సోదా చెయ్యమంటారా? సాయంత్రం మాట్లాడుకుందాం మేడం," అని పెట్టేశాడు.

ఆమె కాఫీకి డబ్బులు పెట్టి లేచింది. ఒక్కతే. మెట్ల పక్కన లిఫ్టు దగ్గరికి వచ్చి మీట నొక్కబోతుండగా ఫోను మళ్ళీ మోగింది. ఈసారి పెద్దావిడ గొంతులో గాభరా లేదు. ఏడుపూ నవ్వూ కలిసి ఉన్నాయి.

"మళ్ళీ మెయిల్ వచ్చిందమ్మా. మా మరదలిని తిరిగి ఐదు జిలోకే తెచ్చేశాడు. ఇందాక పొరపాటున నొక్కి ఉంటాడు, నా తమ్ముడు. ఇద్దరూ మళ్ళీ పక్కపక్కనే ఉన్నారు."

ఆ సీటు వెనక్కి తెచ్చింది ఆమె తమ్ముడు కాదు. తెచ్చినవాడు తెర మీద 8ఏ అన్నది చూశాడు, అర్థం చేసుకున్నాడు.

"మంచిది పెద్దమ్మా," అంది డిటెక్టివ్. "తలుపు గడియ వేసుకుని ఇంట్లోనే ఉండండి. నేను వచ్చేదాకా ఎవరికీ తీయకండి."

ఫోను జేబులో పెట్టుకుని తలెత్తింది. ఆమె ఇంకా మీట నొక్కలేదు. లిఫ్టు తలుపు మీద ఎర్రగా వెలుగుతున్న అంకె ఎనిమిది. చూస్తుండగానే అది ఏడు అయింది.